ఎదుటి టీంను ఎట్ల చదవాలె? ఈ ఆదివారం నుంచి మూడు మ్యాచ్‌లు

రుద్రూర్ నుంచి మాట్లాడుతున్న. పోయిన రెండు వారాలు వీడియో రాలేదని కామెంట్లల్ల మస్తు తిట్టిన్రు. చదివిన, అన్నీ చదివిన. నిద్రపోలేదు నేను. రెండు ఆదివారాలు పొద్దుగాల్నే లేచి, బండేస్కొని బోధన్ అవుతలికి పోయి, కాలువ గట్టు మీద కూసొని, మనకు సంబంధం లేని మ్యాచ్‌లు చూసిన. చేతిల ఒక లాంగ్ నోట్‌బుక్కు, ఒక పెన్ను. అక్కడున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి "ఏం సర్వే బిడ్డా, పంట నష్టం రాస్తున్నవా?" అని అడిగిండు. కాదు తాతా, క్రికెట్ రాస్తున్న అంటే నవ్వి పోయిండు.

ఆ రాసిన దాంట్ల ఏముందో ఇయ్యాల చెప్త. ఎందుకంటే ఈ ఆదివారం నుంచి వాళ్లతోనే మనకు మూడు మ్యాచ్‌ల సిరీస్ ఉంది. పది ఓవర్లు, టెన్నిస్ బాల్, ఆదివారానికి ఒకటి. టీం పేరు చెప్ప. ఆటగాళ్ల పేర్లు అసలే చెప్ప. వాళ్లు గూడ ఈ వీడియో చూస్తరు, నాకు తెలుసు. చూడనీయుండ్రి. దాని సంగతి తర్వాత చెప్త.

ముందు పోయిన ఏడాది ఏమైందో కొత్తగ వచ్చినోళ్లకు చెప్పాలె. 1-1 మీద ఉన్నం. మూడో మ్యాచ్‌ల చివరి ఓవర్ల తొమ్మిది రన్‌లు కావాలె. మొదటి బాల్‌కు ఫోర్ పోయింది. అయిదు బాల్స్‌ల అయిదు. అందరం గెలిచినం అనుకున్నం, కొందరైతే స్టేటస్ గూడ పెట్టిన్రు. రెండో బాల్‌కు సెట్టయి ఉన్న బ్యాట్స్‌మన్ మిడ్‌వికెట్‌ల క్యాచ్ ఇచ్చిండు. తర్వాత వచ్చినోళ్లు ఊపిన్రు, తగల్లేదు. రెండు రన్‌ల తేడాతో పోయింది. ఆ క్యాచ్ ఇచ్చినోడు ఎవరో మన ఊర్ల అందరికీ తెలుసు. నేనే.

అప్పుడు గూడ నేను "స్కౌటింగ్" చేసిన. ఎట్ల చేసిన? ఫోన్‌ల. వాళ్ల పిల్లలు పెట్టుకున్న రీల్స్ చూసిన. ఒకడు సిక్స్ కొడ్తడు, ఎనక పాట. ఇంకొకడు స్టంప్స్ ఎగరగొడ్తడు, ఎనక పాట. అవి చూసి మనోళ్లకు "వాడు సిక్సులు కొట్టేటోడు, వీడు యార్కర్లు వేసేటోడు" అని చెప్పిన. తమ్మీ, ఒకటి గుర్తు పెట్టుకోండ్రి. హైలైట్స్‌ల డాట్ బాల్స్ ఉండవు. మనిషి ఏం చేయగల్గుతడో రీల్ చూపిస్తది. వరుసగ రెండు బాల్స్ తగలకపోతే మూడో బాల్‌కు ఏం చేస్తడో చూపియ్యదు. మనకు కావాల్సింది ఆ రెండోది.

ఇది నాకు అర్థమైంది ఒక బేస్‌బాల్ కథ చదివినంక. మన దగ్గర బేస్‌బాల్ చూసేటోళ్లు తక్కువ. స్కూల్ల సాఫ్ట్‌బాల్ ఆడినోళ్లు మాత్రం మన జిల్లాల ఉన్నరు, వాళ్లకు జెల్ది ఎక్కుతది. మిగిలినోళ్లకు రెండు ముక్కల్ల చెప్త. పిచ్చర్ అంటే బౌలరే. బాల్ కింద పడదు, నేరుగ బ్యాటర్ దగ్గరికి వస్తది. మంచి చోట పడే బాల్ కొట్టకపోతే, కొట్టబోయి తప్పితే స్ట్రైక్. చెడు చోట పడ్డదాన్ని బ్యాటర్ వదిలేస్తే దాన్ని "బాల్" అంటరు. మూడు స్ట్రైకులైతే ఔట్. నాలుగు "బాల్స్" అయితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు నడిచి పోతడు. ఇప్పుడు మూడు బాల్స్, రెండు స్ట్రైకులు అయినయ్ అనుకోండ్రి. ఇద్దరి మెడ మీద గూడ కత్తి ఉన్నట్టే. పిచ్చర్ తప్పితే నడక, బ్యాటర్ తప్పితే ఔట్.

1988 అక్టోబర్ 15. లాస్ ఏంజిలస్‌ల వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్. ఒక దిక్కు డాడ్జర్స్, ఇంకో దిక్కు ఓక్లాండ్. ఓక్లాండ్ ఆ సీజన్‌ల 104 మ్యాచ్‌లు గెలిచిన టీం, అందరూ వాళ్లే కొడ్తరన్నరు. చివరి ఇన్నింగ్స్, డాడ్జర్స్ 3-4తో ఎనకబడి ఉన్నరు, రెండు వికెట్లు పోయినయ్, అంటే ఒక్క ఔట్ అయితే మ్యాచ్ ఖతం. బేస్ మీద ఒకడు ఉన్నడు. పిచ్చర్ డెన్నిస్ ఎకర్స్‌లీ, ఆ ఏడాది చివరి ఓవర్ల మొనగాడు అనుకోండ్రి. అప్పుడు డాడ్జర్స్ కర్క్ గిబ్సన్‌ను పంపిన్రు. ఆయనకు ఒక కాలు తొడ పట్టేసింది, ఇంకో కాలు మోకాలు పోయింది. నడుసుడే కష్టం. రెండు మూడు బాల్స్‌కు ఊపుతుంటే చూసేటోళ్లకే పాపమనిపిస్తది. అట్లనే సాగదీసి, మూడు బాల్స్ రెండు స్ట్రైకుల దాకా తెచ్చిండు.

అక్కడ ఆయన టైం అడిగి బాక్స్‌లకెళ్లి బయటికి వచ్చిండు. ఎందుకో తర్వాత ఆయనే చాలాసార్లు చెప్పిండు. డాడ్జర్స్ స్కౌట్ ఒకాయన, మెల్ డిడియర్, ఓక్లాండ్ మ్యాచ్‌లు చూసి సిరీస్ ముందట ఒక ముచ్చట చెప్పి పెట్టిండు. ఎకర్స్‌లీ ఎడమచేతి బ్యాటర్‌కు మూడు-రెండు మీద ఏం వేస్తడంటే, బయటి నుంచి తిరిగి చివరి అంచు మీదికి వచ్చే స్లైడర్ వేస్తడు, రాసి పెట్టుకో అన్నడు. గిబ్సన్ ఎడమచేతి వాటం. లెక్క మూడు-రెండు. గుర్తు చేసుకొని మళ్ల నిలబడ్డడు. అదే బాల్ వచ్చింది. కాళ్లు లేవు గద, ఉత్త చేతులతోని కొట్టిండు. బాల్ పోయి స్టాండ్స్‌ల పడ్డది. 5-4. గిబ్సన్ ఆ సిరీస్‌ల బ్యాట్ పట్టింది ఆ ఒక్కసారే. డాడ్జర్స్ సిరీస్ 4-1తో గెలిచిన్రు.

యూట్యూబ్‌ల ఉంటది, చూడండ్రి. కొట్టింది అందరూ చూస్తరు. నేను చూసేది మాత్రం, ఆయన బయటికి వచ్చి నిలబడ్డ ఆ రెండు మూడు సెకన్లు.

డిడియర్ ఏం చూసిండో గమనించిన్రా? "ఎకర్స్‌లీకి ఇది రాదు, అది రాదు" అని చూడలేదు. ఆ స్లైడర్ ఆయనకు మంచిగనే వస్తది, అందుకే వేస్తడు. మెడ మీద కత్తి ఉన్నప్పుడు మనిషి తనకు బాగ నమ్మకమున్న దాని దగ్గరికే పోతడు. వాళ్ల బలహీనతలు ఏందని అందరూ అడుగుతరు. నేను రెండు ఆదివారాలు చూసింది బలహీనతలు కాదు, అలవాట్లు. ఇరుకున పడ్డప్పుడు ఏం చేస్తున్నరు అని. పేజీల ఎడమ దిక్కు బాల్ బాల్‌కు స్కోర్ రాసిన. కుడి దిక్కు ఒకటే రాసిన, దాని ముందు బాల్‌కు ఏమైంది అని.

ఇగ వాళ్ల బౌలర్ దగ్గరికి వస్త. చివరి ఓవర్ వేసే పొడుగాయన. పోయిన ఏడాది నన్ను ఔట్ చేసినాయన. నేను చూసిన రెండు మ్యాచ్‌లల్ల నాలుగు ఓవర్లు వేసిండు, రెండుసార్లు గూడ చివరి ఓవర్ ఆయనదే. అయిదుసార్లు బౌండరీ పోయింది. బౌండరీ పోయినంక తర్వాతి బాల్ ఏం వేసిండు? నాలుగుసార్లు స్లో బాల్. కొంచెం షార్ట్‌గ, లెగ్ దిక్కు. అయిదోసారి బౌండరీ ఓవర్ చివరి బాల్‌కు పోయింది, లేకుంటే అప్పుడు గూడ అదే వేసేటోడేమో. మిడ్‌వికెట్ ఫీల్డర్ ఏం చేస్తడో గూడ చూసిన. బౌండరీ పోంగనే ఎవ్వరూ చెప్పకుండనే నాలుగు అడుగులు ఎనక్కి పోతడు. అంటే వాళ్ల టీంకంతా తెలుసు. మనకొక్కళ్లకే తెల్వదు.

పోయిన ఏడాది నేను ఫోర్ కొట్టి ఛాతి ఇరుచుకొని నిలబడ్డ. రెండో బాల్ స్లోగ వచ్చింది. నేను ముందే ఊపిన. ఇప్పుడు నోట్‌బుక్కుల చూస్తుంటే, ఆ బాల్ రాకుంటేనే వింత అనిపిస్తుంది.

ఇప్పుడు మీరు అడుగుతరు, అన్నా ఇదంతా వీడియోల పెడ్తే ఆయన చూసి మార్చుకోడా? మార్చుకోనీ. అట్లయితే ఇంకా మంచిది. బౌండరీ పోయింది, చేతిల బాల్ ఉంది, "వీళ్లకు నా స్లో బాల్ తెలుసు" అని మనసుల పడ్డది. అప్పుడు ఆయన తనకు అంత నమ్మకం లేని బాల్ వెయ్యాలె. ఆ పని మనం బ్యాట్‌తోని గూడ చేయలేం. అయినా ఒక రెండు ముచ్చట్లు దాచి పెట్టిన, అవి మన గ్రూప్‌లనే చెప్త. మరీ అంత అమాయకుణ్ణి కాదు.

వాళ్ల బ్యాటింగ్‌కు వద్దాం. ఓపెనర్ ఎడమచేతి వాటం. మొదటి ఓవర్ మస్తు ఓపిగ్గ ఆడ్తడు, చూస్తే టెస్ట్ ప్లేయర్ అనుకుంటం. కానీ వరుసగ రెండు డాట్లు పడ్డయంటే మూడోది ఎట్ల వచ్చినా అడ్డంగ ఊపుతడు. ఇది నేను ఆరుసార్లు చూసిన, ఒకటి సిక్స్ పోయింది, ఒకటి క్యాచ్ వదిలేసిన్రు, మిగిలినయ్ గాలి. కాబట్టి ఆయనకు రెండు డాట్లు పడంగనే మన బౌలర్ సంబరపడి బౌన్సర్ వెయ్యొద్దు. ఫుల్‌గ, స్టంప్స్ మీద. అంతే.

మూడో నంబర్ ఆయన అసలైన ఆటగాడు. ఆయన రన్‌లన్నీ ఆఫ్ దిక్కే. పాయింట్, కవర్, పాయింట్, కవర్. కొంచెం వెడల్పు ఇస్తే చాలు, కట్ చేస్తడు. వాళ్ల గ్రౌండ్‌ల ఆ దిక్కే బౌండరీ దగ్గర గూడ. ఇది చూస్తుంటే నాకు 2020 ఆస్ట్రేలియా టూర్ గుర్తుకొచ్చింది.

అడిలైడ్‌ల 36కే ఆలౌటయిన టూర్, గుర్తుంది గద. మన టెస్ట్ చరిత్రల అంత తక్కువ స్కోర్ ఎన్నడూ లేదు. కోహ్లీ ఇంటికొచ్చేసిండు. కానీ ఒక ముచ్చట ఆ 36కు మస్తు ముందే మొదలైంది. బౌలింగ్ కోచ్ భరత్ అరుణ్ తర్వాత చెప్పిండు. జులైల రవిశాస్త్రి ఫోన్ చేసి, ఆస్ట్రేలియా బ్యాట్స్‌మెన్‌కు ఆఫ్ దిక్కు లేకుండ చేయాలె అన్నడంట. వీళ్లు లెక్కలు తీస్తే స్మిత్, లబుషేన్ ఎక్కువ రన్‌లు ఆఫ్ దిక్కు, కట్‌లతోని, పుల్‌లతోనే కొడ్తున్నరని తేలింది. అంతకుముందు సీజన్‌ల న్యూజిలాండోళ్లు స్మిత్‌ను ఒంటి మీదికి బాల్స్ వేసి ఎట్ల కట్టేసిన్రో గూడ చూసిన్రు. మనం లాక్‌డౌన్‌ల ఇంట్ల కూసొని లూడో ఆడుతున్నప్పుడు వాళ్లు అది చేస్తున్నరన్నట్టు. ప్లాన్ ఏందంటే, స్టంప్స్ మీద వేయుడు, లెగ్ దిక్కు ఫీల్డర్లను పెట్టుడు. మీకు ఇష్టమైన దిక్కు తలుపు మూసినం, ఈ తలుపు దిక్కు రండ్రి అన్నట్టు.

డిసెంబర్ 26, మెల్‌బోర్న్. స్మిత్ అశ్విన్ బౌలింగ్‌ల సున్నాకు లెగ్ దిక్కు పుజారా చేతిల పడ్డడు. రెండో ఇన్నింగ్స్‌ల బుమ్రా బాల్ కాళ్ల ఎనక నుంచి పోయి లెగ్ స్టంప్‌ను తాకింది. లబుషేన్ 48 మీద లెగ్ దిక్కే గిల్ చేతికి క్యాచ్ ఇచ్చిండు. ఆ బౌలర్ ఎవరు? మన హైదరాబాద్ సిరాజ్. టెస్టుల మొదటి రోజు, మొదటి వికెట్. నెల కింద వాళ్ల నాయన పోయిండు, ఆటో నడిపి కొడుకును క్రికెటర్ చేసిన మనిషి. ఇంటికి పోతవా అంటే పోకుండ అక్కడనే ఉన్నడు. ఎనిమిది వికెట్లతోని మనం గెలిచినం.

ఇక్కడి దాకా అందరూ చెప్తరు. నాకు ఎక్కువ నచ్చింది దీని తర్వాతది. సిడ్నీల అదే స్మిత్ 131 కొట్టిండు, రెండో ఇన్నింగ్స్‌ల 81. లబుషేన్ 91, 73. అంటే వాళ్లు గూడ కూసొని మన ప్లాన్‌ను చదివిన్రు, మారిన్రు. ఒక్క మ్యాచ్‌కు, సిరీస్‌కు తేడా ఇదే తమ్మీ. ఒక్క మ్యాచ్‌ల నువ్వు చదివితే సరిపోతది. సిరీస్‌ల రెండో ఆదివారం నాటికి వాళ్లు నిన్ను చదివి ఉంటరు. ఆ సిడ్నీ మ్యాచ్‌ను కాపాడింది ప్లాన్ గిట్ల కాదు. తొడ కండరం పట్టేసిన హనుమ విహారి, మన కాకినాడ బిడ్డ, 161 బాల్స్ ఆడి 23 మీద నాటౌట్‌గ నిలబడ్డడు. అవుతల అశ్విన్ 128 బాల్స్. అది ఏ నోట్‌బుక్కుల దొరుకుతది? తర్వాత గబ్బాల సిరాజ్ అయిదు వికెట్లు తీసిండు, 1988 నుంచి ఆస్ట్రేలియా టెస్ట్ ఓడని గ్రౌండ్‌ల 328 కొట్టి గెలిచినం.

కాబట్టి మూడో నంబర్ ఆయనకు స్టంప్స్ మీద వేద్దాం, లెగ్ దిక్కు ఇద్దర్ని ఎక్కువ పెడ్దాం. కానీ ఒక మాట. మనకు బుమ్రా లేడు. మనకున్నది పొద్దున పాలు పోసి వచ్చి బౌలింగ్ వేసే తమ్ముడు, వారానికి ఒక్కసారి బాల్ పట్టేటోడు. అయిదు బాల్స్ స్టంప్స్ మీద వెయ్యమంటే మూడు వేస్తడు. ఆ మూడిటికి సరిపోయే ఫీల్డే పెట్టాలె. మన చేతిల లేని బాల్‌కు ప్లాన్ రాస్తే ఆ కాగితం పొట్లం కట్టుకోను పనికొస్తది. అందుకే పాయింట్‌ల ఒకడు ఉండాల్సిందే. పూర్తిగ తీసేద్దామన్న మన కెప్టెన్ మాట నేను ఒప్పుకోను. ఈ సంగతి మీద మా ఇద్దరికి ఇంకా పంచాయతీ నడుస్తుంది.

మొదటి మ్యాచ్ పోతే ఏడ్వొద్దని గూడ ఇప్పుడే చెప్తున్న. 1960 వరల్డ్ సిరీస్‌ల యాంకీస్ ఏడు మ్యాచ్‌లల్ల మొత్తం 55 రన్‌లు కొట్టిన్రు, పిట్స్‌బర్గ్ 27. సగం గూడ లేవు. యాంకీస్ గెలిచిన మూడు మ్యాచ్‌ల స్కోర్లు 16-3, 10-0, 12-0. మరి సిరీస్ ఎవరు గెలిచిన్రు? పిట్స్‌బర్గ్, 4-3. ఎంత ఘోరంగ ఓడినా ఒక్క మ్యాచే పోతది. పోయిన ఏడాది మనం మొదటి మ్యాచ్ ఓడి వారమంతా గ్రూప్‌ల ఒకరినొకరు తిట్టుకున్నం, ముగ్గురు ఎగ్జిట్ అయిన్రు. వాళ్లను బతిమాలి మళ్ల యాడ్ చేసేసరికి శనివారం వచ్చింది.

గ్రౌండ్ సంగతి. ఇది మంచిగ వినండ్రి, ఇదే సగం మ్యాచ్. మన దిక్కు ఇంతకుముందు చెరుకు ఎక్కువ, రుద్రూర్‌ల చెరుకు పరిశోధన కేంద్రమే ఉంది. చెరుకు ఉన్నప్పుడు భూమి ఏడాదంతా ఖాళీ అయ్యేది కాదు, పిల్లలకు గ్రౌండ్ ఎక్కడిది? షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతపడ్డది, వరి పెరిగింది. ఇప్పుడు యాసంగి వరి కోసినంక మళ్ల నారు పడేదాకా మడి ఖాళీ. ఫ్యాక్టరీ పోయినందుకు పెద్దోళ్ల బాధ వేరే, అది చిన్న బాధ కాదు. మాకు గ్రౌండ్ దొరికిందని సంబరపడలేం. కానీ మేం ఆడేది ఆ మడిలనే.

వాళ్ల గ్రౌండ్ గూడ అసొంటిదే. నల్లరేగడి. ఎండకు నెర్రెలు బాసి ఉంది. కోత మిషన్ పోయిన గాడి పిచ్‌కు ఏటవాలుగ పోతది, కాలువ దిక్కు ఎండ్ నుంచి వేస్తే గుడ్ లెంత్ కంటే ఒక అడుగు ముందట ఆ గాడి తగుల్తది. అక్కడ పడ్డ బాల్ ఒకటి మోకాలెత్తు వస్తది, ఇంకొకటి పాకుతది. వాళ్ల బౌలర్లకు అది తెలుసు, ముగ్గురు ఆ ఎండ్ నుంచే వేస్తరు. మన బ్యాట్స్‌మెన్ ఆ ఎండ్ బాల్స్‌ను ముందుకొచ్చి ఆడాలె, లేకుంటే పూర్తిగ ఎనక్కి పోవాలె. మధ్యల నిలబడి బ్యాట్ పెడ్తే ఔటే. పొద్దున ఏడింటికి మొదలు, మొదటి అరగంట ఎండ సూటిగ ఒక ఎండ్ బ్యాట్స్‌మన్ కండ్లల్ల కొడ్తది. టోపీలు తెచ్చుకోండ్రి, స్టైల్‌కు కాదు.

వాళ్ల రూల్ ఒకటి ఉంది. కాలువల పడితే రెండు రన్‌లే, సిక్స్ కాదు. తీసుకొచ్చే పని కొట్టినోనిదే. నవ్వకండ్రి, పోయిన ఏడాది మన ఇద్దరు ఆ దిక్కే కొట్టి రెండు రెండు తీస్కొని వచ్చిన్రు. రోడ్డు దిక్కు బౌండరీ దూరం, కానీ అక్కడ నిలబడే ఫీల్డర్‌కు భుజం నొప్పి ఉంది, బాల్‌ను కింది నుంచి విసుర్తడు. ఒక్క రన్ వచ్చే కాడ రెండు వస్తయ్. నేను రాసిన దాంట్ల మనకు ఎక్కువ రన్‌లు తెచ్చేది ఈ లైనే అనుకుంటున్న, సిక్సుల గురించి రాసింది కాదు.

ఇంకోటి చెప్పాలె. చెప్పాల్నా వద్దా అని ఆలోచించిన, కానీ మనోళ్లల్ల కొందరు ఇంకా అడుగుతున్నరు కాబట్టి చెప్తున్న. వాళ్ల టీం పిల్లగాడు ఒకడు ఉన్నడు, వాళ్ల మేనత్త ఇల్లు మన ఊర్లనే. పోయిన వారం వచ్చి, "అన్నా మా గ్రూప్ స్క్రీన్‌షాట్లు పంపిస్త, టీం, బ్యాటింగ్ ఆర్డర్ అన్నీ అందుల్నే ఉంటయ్" అన్నడు. వద్దన్నం. అప్పుడు మనోడొకడు నన్ను పట్టుకొని, "రెండు ఆదివారాలు ఎండల కూసొని రాసినవు, ఇది ఊకెనే వస్తుంటే వద్దంటవా, ఏం తేడా?" అన్నడు.

తేడా ఉంది. హ్యూస్టన్ ఆస్ట్రోస్ అని ఒక బేస్‌బాల్ టీం, 2017ల వరల్డ్ సిరీస్ గెలిచింది. వాళ్లు ఏం చేసిన్రంటే, క్యాచర్ అంటే కీపర్, ఏ బాల్ వెయ్యాల్నో పిచ్చర్‌కు వేళ్లతోని సైగ చేసేటోడు గద, దాన్ని కెమెరాతోని చూసి, లోపల చెత్త డబ్బాను కట్టెతోని కొట్టి తమ బ్యాటర్‌కు చెప్పేటోళ్లు. డబ్బా చప్పుడైతే స్లో బాల్ లెక్క. 2019ల బయటపడ్డది. 2020 జనవరిల యాభై లక్షల డాలర్ల ఫైన్, మేనేజర్‌కు, జనరల్ మేనేజర్‌కు ఏడాది సస్పెన్షన్, అదే రోజు ఉద్యోగాలు గూడ పోయినయ్. మైదానంల అందరి ముందట జరిగేది ఎంతసేపైనా చూడొచ్చు, ఎంతైనా రాయొచ్చు. వాళ్లు మూసిన తలుపు ఎనక మాట్లాడుకునేది మనది కాదు. ఆ పిల్లగాడు రేపు మన స్క్రీన్‌షాట్లు వాళ్లకు పంపడని ఏం నమ్మకం, అది వేరే ముచ్చట. అసలైతే, వాన్ని వాళ్ల టీం ముందట దొంగను చేసి మనం గెలుసుడు నాకు ఇష్టం లేదు. వాడికి పదిహేనేండ్లు.

ఇప్పుడు మన సంగతి. రాత్రి నోట్‌బుక్కును తిరగేసి, చివరి పేజీ నుంచి మన టీం గురించి రాసిన. వాళ్ల మనిషి ఎవడన్నా మన గట్టు మీద కూసుంటే ఏం రాస్తడు అని. ఫోన్‌ల ఉన్న మన పాత మ్యాచ్‌ల ఫుల్ వీడియోలు చూసిన, రీల్స్ కాదు. మన ఫాస్ట్ బౌలర్ ప్రతి స్పెల్‌ల మొదటి బాల్ వైడ్. ప్రతి స్పెల్. క్యాచ్ వదిలేస్తే తర్వాతి బాల్‌కు నలుగురు మాట్లాడుకుంటనే ఉంటరు, చేతులు మోకాళ్ల మీదికి రావు. కెప్టెన్ ఒక మాట చెప్తే అయిదుగురు ఇంకో మాట చెప్తరు. మన కీపర్ ఒక్కడే మొదటి బాల్ నుంచి చివరి బాల్ దాకా ఒకే తీరుగ ఉన్నడు. వానికి వీసా వచ్చింది, జూన్‌ల దుబాయ్ పోతుండు. మన దిక్కు ఇది కొత్త కాదు, ఇంటికొకరు గల్ఫ్‌ల ఉన్నరు. మళ్ల ఎప్పుడు గ్లవ్స్ వేసుకుంటడో. వాడు ఏం అంటలేడు, కానీ ఈ మూడు మ్యాచ్‌లు ఎందుకు గెలవాల్నో మన టీంల అందరికీ తెలుసు.

చివరికి నా పేరు దగ్గరికి వచ్చిన. నాయి పదకొండు ఇన్నింగ్స్‌ల వీడియోలు ఉన్నయ్. చివరి రెండు ఓవర్లల్ల ఆరుసార్లు ఔటయిన. అయిదుసార్లు స్లో బాల్‌కు, అయిదుసార్లు మిడ్‌వికెట్‌ల. ముందు బాల్‌కు ఏమైంది అని చూసిన. బౌండరీ. కొట్టిన తర్వాత నేను ఆగను. ఆ పొడుగాయన అలవాటు నేను పట్టుకున్న అని మురిసిపోయిన గద, ఆయన నా అలవాటు ఏడాది కిందనే పట్టుకున్నడు. అప్పుడు మిడ్‌వికెట్ ఫీల్డర్ నాలుగడుగులు ఎనక్కి పోయింది ఊకెనే కాదు.

పొద్దున కెప్టెన్‌కు ఫోన్ చేసి చెప్పిన. మొదటి మ్యాచ్‌ల ఆరో నంబర్‌ల నన్ను పెట్టకు, ఫుడ్ సైన్స్ కాలేజీల చదివే తమ్ముడిని పెట్టు. వాడు స్లో బాల్‌ను ఆగి, ఒక్క రన్ తీస్కొని అవుతలికి పోతడు, నేను నాలుగు మ్యాచ్‌లల్ల చూసిన. వాడు సిక్స్ కొట్టలేడు, నిజమే. అయిదు బాల్స్‌ల అయిదు కొట్టాలంటే సిక్స్ అక్కర్లేదు. కెప్టెన్ కొద్దిసేపు మాట్లాడలేదు. "నువ్వు ఏం చేస్తవ్ మరి?" అన్నడు. గట్టు మీద కూసొని రాస్త అన్న. రెండో ఆదివారం వరకు వాళ్లు ఏం మారిన్రో ఎవరో ఒకరు చూడాలె గద. మా అమ్మ వింటుంది ఎనక నుంచి, "మొత్తానికి ఆట బంద్ చేసినవా?" అని అడిగింది. లేదమ్మా, ఒక్క మ్యాచే అన్న. చూద్దాం.

సరే. పరదాల మీద వడ్లు ఆరబోసినోళ్లు శనివారం రాత్రే కుప్ప చేసి కప్పి పెట్టుకోండ్రి, వాన మబ్బు కనబడుతుంది, ఆదివారం పొద్దున "వడ్లు ఎత్తాలె, నేను రాను" అని ఫోన్ చేస్తే ఊకోను. అయిదున్నరకు బస్టాండ్ కాడ ఉండాలె. రెండు ఆటోలు మాట్లాడిన, కిట్ ఒకదాంట్ల, మనుషులు ఒకదాంట్ల, మిగిలినోళ్లు బండ్ల మీద. కీపర్ గ్లవ్స్ నా దగ్గరనే ఉన్నయ్, కుట్లు ఊడితే మోచీ దగ్గర కుట్టించిన. స్కోర్ లైవ్ కావాలంటే క్రిక్‌హీరోస్‌ల పెడ్త, ఛానల్‌ల ఫుల్ వీడియో పెడ్త. డాట్ బాల్స్ గూడ కట్ చెయ్య.